ఆకుల్లో వగరు, పొట్టలో మీథేన్: చెట్టు మేతను లెక్కగట్టేదెలా?

నెమరు వేసే పశువు తిన్నదంతా పాలూ కండా కాదు. మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం మీథేన్‌గా మారి బయటికి పోతుంది. పీచు ఎక్కువున్న మేతల్లో ఇది మామూలుగా 6 శాతం పైచిలుకు ఉంటుంది. పోయేది దాదాపు అంతా త్రేన్పుల్లోనే. ఆవుల అపానవాయువు మీద జోకులు వేసేవాళ్లు పశువును తప్పు చివర నుంచి చూస్తున్నారు.

గాలిలో కలిసిన మీథేన్ ఆయుష్షు సుమారు 12 ఏళ్లే. అయినా వందేళ్ల లెక్కన కిలోకు కిలో పోల్చితే కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 27 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. పశువును పోషించేవాడికి అంతకంటే దగ్గరి నష్టం ఇంకొకటుంది. ఆరు కిలోల ఎండుమేత తిన్న ఆవు సుమారు 120 గ్రాముల మీథేన్ వదులుతుంది. ఆ 120 గ్రాముల్లో ఉన్న శక్తి ఆరు ఏడు మెగాజౌళ్లు. అంటే రోజూ మూడో వంతు కిలోకు పైగా మేత త్రేన్పుల్లో పోతున్నట్టే.

కొన్ని చెట్ల ఆకులు మేపితే మీథేన్ తగ్గుతుందన్న మాట నిజం. అయితే ఆ తగ్గుదల రెండు దారుల్లో రావచ్చు. మేత బాగా అరిగి రావచ్చు, అసలు అరగకా రావచ్చు. మీటరు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆకుల మేత మీద జరిగే చర్చలో గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

పెద్ద పొట్టలో హైడ్రోజన్ తగవు

ఎదిగిన ఆవు పెద్ద పొట్టలో వంద లీటర్లకు మించి సరుకు పడుతుంది. లోపల వేడి 39 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆక్సిజన్ దాదాపు ఉండదు. బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు కలిసి పీచును పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలుగా మారుస్తాయి. పశువుకు శక్తి ప్రధానంగా ఈ ఆమ్లాల నుంచే వస్తుంది.

అసిటేట్, బ్యూటిరేట్ తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ విడుదలవుతుంది. అది పేరుకుపోతే పులియడమే మందగిస్తుంది. మీథేన్ చేసే ఆర్కియా జాతి సూక్ష్మజీవులు నాలుగు హైడ్రోజన్ అణువులకు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు చొప్పున వాడుకుని మీథేన్, నీరు చేసి ఆ చెత్తను ఎత్తేస్తాయి. ప్రొపియొనేట్ తయారీలో మాత్రం హైడ్రోజన్ ఖర్చవుతుంది. కాబట్టి మీథేన్ చేసే జీవులను అణచాలంటే, మిగిలే హైడ్రోజన్‌కు ప్రొపియొనేట్ లాంటి మరో దారి చూపించాలి. లేదా హైడ్రోజన్ పుట్టుకనే కొంత తగ్గించాలి. ఈ రెండూ లేకుండా ఆర్కియాను మాత్రమే కొడితే పీచు అరుగుదల కుంటుపడుతుంది.

ఆకులు ఈ వ్యవస్థలోకి మూడు రకాలుగా చొరబడతాయి: మాంసకృత్తులతో, టానిన్లతో, సాపోనిన్లతో. మూడింటి స్వభావం ఒకటి కాదు. ఏ ఆకులో ఏది ఎంతుందో తెలియకుండా ‘ఆకులు మంచివి’ అనడంలో అర్థం లేదు.

ఎండుగడ్డి మీద ఆకు

ధాన్యం తీసేశాక మిగిలే గడ్డిలో ముడి మాంసకృత్తులు 3, 4 శాతం మించవు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే మేతలో కనీసం 7 శాతం కావాలి. అంతకు తగ్గితే అమ్మోనియా చాలదు, పీచు నెమ్మదిగా కరుగుతుంది, పొట్ట ఖాళీ కాదు. పశువు ఆకలితోనే ఉన్నా ఇంకా తినలేదు.

300 కిలోల ఆవు రోజుకు 6 కిలోల గడ్డి తింటుందనుకుందాం. 4 శాతం చొప్పున దానికి అందే మాంసకృత్తులు 240 గ్రాములు. అందులో ఒకటిన్నర కిలో గడ్డి తీసేసి, అంతే ఎండు బరువున్న ఆకు కలపాలి. ఆకులో 22 శాతం మాంసకృత్తులుంటే, గడ్డి నుంచి 180, ఆకు నుంచి 330, కలిపి 510 గ్రాములు. మేతలో 8.5 శాతం. అవసరమైన గీత దాటింది. ఒకటిన్నర కిలో ఎండు బరువంటే పచ్చి ఆకు సుమారు 5 కిలోలు, ఎందుకంటే పచ్చి ఆకులో 70 శాతం దాకా నీరే. ఎండు బరువు చూసి అంతే పచ్చి ఆకు తూచి వేయడం, ఫలితం రాలేదని వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. 30 కిలోల మేక రోజుకు కిలో ఎండుమేత తింటుందనుకుంటే, ఇదే నాలుగో వంతు లెక్కన పావు కిలో ఎండు ఆకు, అంటే 800 గ్రాముల పచ్చి ఆకు చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మేత మెరుగైతే పశువు ఎక్కువ తింటుంది. ఎక్కువ తింటే రోజువారీ మీథేన్ తగ్గకపోగా పెరగవచ్చు. రోజుకు 120 గ్రాములు వదులుతూ 3 లీటర్ల పాలిచ్చే ఆవు, 140 గ్రాములు వదులుతూ 5 లీటర్లు ఇవ్వడం మొదలుపెట్టిందనుకుందాం. లీటరుకు లెక్కవేస్తే 40 గ్రాముల నుంచి 28కి దిగినట్టు. నాసిరకం మేత మీద బతికే మందల్లో ఆకు వల్ల వచ్చే అసలు లాభం ఇదే. టానిన్ల ముచ్చట దీని తర్వాతిదే. పరిశోధనల వార్తల్లో మాత్రం ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది.

వగరు చేసే పని

నాలుకను పట్టేసే వగరు టానిన్ పనే. అది లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకోవడం వల్ల నోరు పిడచకట్టినట్టవుతుంది. పెద్ద పొట్టలో జరిగేదీ ఇదే. టానిన్ ఆకులోని మాంసకృత్తులతో జతకడుతుంది, సూక్ష్మజీవుల ఎంజైములను, వాటి పైపొరలను పట్టుకుంటుంది.

టానిన్లలో రెండు జాతులున్నాయి. మొదటి జాతి అయిన ఘనీభవించిన టానిన్లు కట్టే జత పీహెచ్ 5.5 నుంచి 7 మధ్య, అంటే పెద్ద పొట్టలో, నిలుస్తుంది. నాలుగో పొట్టలో పీహెచ్ 3 కన్నా తగ్గగానే విడిపోతుంది. దాంతో ఆకులోని మంచి మాంసకృత్తులు పెద్ద పొట్టలో అమ్మోనియాగా చెడిపోకుండా పేగుకు చేరతాయి. నత్రజని మూత్రంలో తగ్గి పేడలో పెరుగుతుంది. మూత్రంలోని యూరియా త్వరగా అమ్మోనియాగా ఎగిరిపోతుంది, పేడలోది నిదానంగా కరుగుతుంది. కొట్టంలో ఘాటు తగ్గి ఎరువులో బలం పెరగడం ఈ మేతకు దక్కే పక్కఫలితం. లేత పచ్చిమేత వల్ల వచ్చే నురగ ఉబ్బరాన్ని కూడా టానిన్లు అడ్డుకుంటాయి, నురగను నిలబెట్టే కరిగే మాంసకృత్తులను పట్టేస్తాయి కాబట్టి.

మీథేన్ మీద వీటి ప్రభావం కొంత నేరుగా, ఆర్కియాను, ప్రోటోజోవాను అణచడం ద్వారా వస్తుంది. కొంత చుట్టుదారిన, పీచు అరుగుదల తగ్గి హైడ్రోజన్ తక్కువ పుట్టడం వల్ల వస్తుంది. మొత్తం మేతలో టానిన్ 2 శాతం దాటితే గాని మీథేన్‌లో తేడా నిలకడగా కనిపించదు. 5 శాతం దాటితే తిండీ అరుగుదలా రెండూ పడిపోతాయి. పనికొచ్చే సందు 2 నుంచి 4 శాతం, అంతే.

ఈ అంకెలు మొత్తం మేతకు చెందినవి, ఆకుకు కాదు. 8 శాతం టానిన్ ఉన్న ఆకును నాలుగో వంతు కలిపితే మొత్తంలో 2 శాతమే అవుతుంది, పనికొస్తుంది. అదే ఆకు తప్ప మరేమీ దొరకని మేకకు అది 8 శాతమే. ఒకే ఆకు ఒకచోట మందు, ఇంకోచోట బెడద కావడానికి కారణం ఇదే.

మోతాదు ఒక్కటే చాలదు, టానిన్ జాతి కూడా ముఖ్యం. క్వెబ్రాచో చెట్టు టానిన్‌ను ఎండుమేతలో 2 శాతం దాకా కలిపి కెనడాలో మాంసపు పశువుల మీద చూస్తే మీథేన్ తగ్గలేదు. ఆస్ట్రేలియాలో పాడి ఆవులకు ఒక రకం తుమ్మ బెరడు టానిన్ ఇస్తే 14 నుంచి 29 శాతం దాకా తగ్గింది, కానీ ఎక్కువ మోతాదు ఇచ్చిన ఆవుల్లో పాలూ తగ్గాయి. జలవిశ్లేషణ చెందే రెండో జాతి టానిన్లది వేరే కథ. పెద్ద పొట్టలోనే విరిగి గాలిక్ ఆమ్లం, పైరోగల్లాల్ లాంటివిగా మారి రక్తంలోకి వెళ్తాయి. మోతాదు మించితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఓక్ చెట్ల లేత ఆకులు, కాయలు తిన్న పశువులు చనిపోయేది దీనివల్లే.

మేకకు, జింకకు లాలాజలంలో ప్రోలిన్ ఎక్కువున్న మాంసకృత్తులుంటాయి. అవి టానిన్‌ను నోట్లోనే కట్టిపడేస్తాయి. ఆవుకూ గొర్రెకూ ఆ రక్షణ తక్కువ. మేక కళ్లు మూసుకుని నమిలిన కొమ్మను ఆవు ముందు అదే మోతాదులో పెట్టడం తప్పు.

నురగ వచ్చే కాయలు

సాపోనిన్లు సబ్బులాంటి పదార్థాలు. కుంకుడు కాయ నురగ వాటిదే. ప్రోటోజోవా పైపొరలోని స్టెరాల్‌ను పట్టుకుని ఆ కణాలను పగలగొడతాయి. ప్రోటోజోవా హైడ్రోజన్‌ను ఎక్కువగా వదులుతుంది, ఆర్కియా వాటికి అంటుకునీ వాటి లోపలా బతుకుతూ అక్కడికక్కడే మీథేన్ చేస్తుంది. ఆతిథ్యమిచ్చేది పోతే అతిథికి కూడు తగ్గుతుంది. బ్యాక్టీరియాను తినేసే ప్రోటోజోవా తగ్గడంతో, పేగుకు చేరే సూక్ష్మజీవుల మాంసకృత్తులు పెరుగుతాయి.

నిద్రగన్నేరు కాయల్లో సాపోనిన్లు బాగా ఉంటాయి, పశువులు తీపికి ఇష్టంగా తింటాయి. పేరులో గన్నేరు ఉన్నా, ప్రాణం తీసే గన్నేరుకూ దీనికీ చుట్టరికం లేదు. సాపోనిన్‌తో అసలు చిక్కు అలవాటు పడటం. కొన్ని వారాల్లో పొట్టలోని బ్యాక్టీరియా సాపోనిన్‌కు అతుక్కున్న చక్కెరను ఊడదీసి దాన్ని నిర్వీర్యం చేయడం నేర్చుకుంటుంది, ప్రోటోజోవా తిరిగి లేస్తుంది. పది రోజుల ప్రయోగంలో మెరిసిన ఫలితం మూడు నెలల తర్వాత ఉంటుందన్న హామీ లేదు.

అంకె వెనక అంకె

ఆకుల మీద పరిశోధనల్లో ఎక్కువ భాగం గాజు సిరంజిలో జరుగుతాయి. 200 మిల్లీగ్రాముల ఎండు పొడిని, బఫర్ కలిపిన పొట్ట ద్రవంతో 39 డిగ్రీల్లో 24 గంటలు ఉంచి, పుట్టిన వాయువును కొలుస్తారు. వంద రకాల ఆకుల్లోంచి పదింటిని ఏరడానికి ఇది చవకైన, మంచి పద్ధతి. కానీ సిరంజిలో లాలాజలం లేదు, మేత ముందుకు కదలదు, సూక్ష్మజీవులకు అలవాటు పడే వ్యవధి లేదు. సిరంజిలో సగానికి సగం తగ్గిన మీథేన్ పశువులో 10, 15 శాతానికి దిగిపోవడం వింతేమీ కాదు. పశువు మీద కొలవాలంటే శ్వాస గదులు కావాలి, లేదా పొట్టలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే ఆనవాలు వాయువును కొద్దికొద్దిగా వదిలే గొట్టం పెట్టి మూతి దగ్గరి గాలిని సేకరించాలి.

ఏ నివేదిక చదివినా ముందు చూడాల్సింది: దేనికి ఎంత మీథేన్? కిలో మేతలో 60 శాతం అరిగి 24 గ్రాముల మీథేన్ వచ్చిందనుకుందాం. టానిన్ ఎక్కువున్న ఆకు కలిపాక 40 శాతమే అరిగి 16 గ్రాములు వచ్చింది. మూడో వంతు తగ్గిందని శీర్షిక పెట్టొచ్చు. కానీ అరిగిన కిలోకు లెక్కిస్తే మొదటిది 40 గ్రాములు, రెండోదీ 40 గ్రాములే. ఇక్కడ నిజంగా తగ్గింది మీథేన్ కాదు, మేత అరుగుదల. అరగని పదార్థం పేడగుంటలో గాలి తగలకుండా మగ్గితే అక్కడ మళ్లీ మీథేన్ పుడుతుంది కూడా.

సిరంజిలో వాయువు తగ్గింది టానిన్ వల్లేనా అని తేల్చడానికి ఒక తేలికైన ఎత్తుంది. అదే నమూనాకు పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి మళ్లీ పరీక్షిస్తారు. అది టానిన్‌ను కట్టేస్తుంది. వాయువు ఒక్కసారిగా పెరిగితే అడ్డుపడింది టానినే. పెరగకపోతే కారణం వేరే ఉంది; ఆకు ముదిరి, కర్రను గట్టిపరిచే లిగ్నిన్ అనే అరగని పదార్థం పట్టి ఉండొచ్చు.

ఏ ఆకు, ఎంత

మల్బరీ, మునగ ఆకుల్లో మాంసకృత్తులు బాగా ఉంటాయి, టానిన్ తక్కువ, అరుగుదల ఎక్కువ. ఇవి దాణాకు బదులు. మీథేన్‌ను నేరుగా అణచే పని వీటి నుంచి ఆశించకూడదు. గ్లిరిసీడియాలో 20 శాతం పైనే మాంసకృత్తులున్నా అందులోని కౌమారిన్ అనే పదార్థం వాసనకు పశువు మొదట మూతి తిప్పుకుంటుంది. కోసి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు వాడిపోనిస్తే తినడం మొదలుపెడుతుంది. జమ్మి, తుమ్మ జాతుల్లో వగరు ఎక్కువ; నాలుగో వంతు దాటనివ్వకూడదు. అవిసె చెట్టు ఆకు నెమరు వేసే పశువులకు మంచి మేత, కోళ్లకు మాత్రం పడదు.

ఎక్కువ నేర్పింది సుబాబుల్. మాంసకృత్తులు 22 నుంచి 28 శాతం, ఘనీభవించిన టానిన్ మోస్తరుగా, అరుగుదల బాగా ఉంటాయి. మీథేన్ తగ్గించే ఆకుల్లో అరుగుదలను పెద్దగా చెడగొట్టకుండా పనిచేసేవి తక్కువ, అందులో ఇదొకటి. చిక్కల్లా మైమోసిన్ అనే విషంతో. ఎండు ఆకులో ఇది 2 నుంచి 5 శాతం, చిగుళ్లలో ఇంకా ఎక్కువ. పెద్ద పొట్టలో ఇది డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. వెంట్రుకలు రాలడం, చొంగ, బరువు పెరగకపోవడం దాని గుర్తులు.

హవాయిలో మేకలు ఇదే ఆకు తింటూ హాయిగా ఉండటం ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్‌కు ఆరా తీయాల్సిన విషయమైంది. వాటి పొట్టలో డీహెచ్‌పీని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉందని 1980ల్లో తేలింది. దాన్ని తెచ్చి ఆస్ట్రేలియా పశువుల పొట్టల్లోకి ఎక్కించారు. 1992లో దానికి సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. ఆ బ్యాక్టీరియా ఉందో లేదో తెలియని మందలో సుబాబుల్ ఎండు బరువులో 30 శాతం మించకూడదు. గుర్రాలకు, పందులకు, కుందేళ్లకు ఇంకా చాలా తక్కువ.

కోత నుంచి తొట్టి దాకా

కోతల మధ్య వానల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఎండల్లో పది పన్నెండు వారాలు విడవాలి. ఆలస్యమైతే ఆకు బరువు పెరుగుతుంది కానీ లిగ్నిన్ పట్టి అరగదు. కొమ్మ పెన్సిల్ కన్నా లావుంటే మేతలో లెక్కించకూడదు, అది కర్ర.

ఎండబెట్టేటప్పుడు నీడలో పలచగా పరిచి, రెండు మూడు రోజులు తిరగేస్తూ, తేమ 10, 12 శాతానికి దించాలి. చేతిలో నలిపితే గలగలమంటూ పొడి అవ్వాలి. కింద పట్టా వేయకపోతే రాలిన ఆకంతా మట్టి పాలవుతుంది, తొట్టిలోకి చేరేది ఈనెలే. మండుటెండలో పెడితే కెరోటిన్ పోతుంది, మరీ వేడి డ్రయ్యర్‌లో పెడితే మాంసకృత్తులు కూడా మాడి అరగనివవుతాయి. ఎండితే పరీక్షకు అందే టానిన్ కూడా తగ్గుతుంది. పచ్చి ఆకు అంకెను ఎండు ఆకుకు వాడకూడదు.

సైలేజ్, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిల్వచేసే పచ్చిమేత, చేయాలంటే ఆకు ఒక్కటే కుదరదు. మాంసకృత్తులు ఎక్కువ, చక్కెర తక్కువ కాబట్టి పులుపు చాలినంత ఎక్కదు, కుళ్లు వాసన వస్తుంది. 30, 35 శాతం ఎండు పదార్థం వచ్చేదాకా వాడిపోనిచ్చి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు కోసి, బరువులో 3 నుంచి 5 శాతం మొలాసిస్ కలిపి గాలి లేకుండా తొక్కాలి. లేదా పచ్చ జొన్న, మొక్కజొన్నతో కలిపి వేయాలి. నెల రోజులకు తెరవొచ్చు. తెల్లబూజు పట్టిన పొర తీసి పారేయాలి, పశువుకు పెట్టకూడదు.

ఆకుల్లో సున్నం ఎక్కువ, భాస్వరం తక్కువ. గడ్డిలోనూ భాస్వరం తక్కువే. నెలల తరబడి గడ్డి, ఆకు మీదే ఉంచితే ఎద ఆలస్యమవడం, ఎముకలూ మట్టీ నాకడం మొదలవుతాయి. భాస్వరం ఉన్న ఖనిజ లవణ మిశ్రమం రోజూ ఇవ్వాలి.

తెలియని చెట్టు కొమ్మను మందలో వేయకూడదు. గన్నేరు, పచ్చగన్నేరు గుప్పెడాకులు చాలు గుండె ఆగడానికి, ఎండినా విషం పోదు. చెర్రీ జాతి ఆకులు వాడిపోయాక సైనైడ్ వదులుతాయి. కొమ్మలు నరికి పక్కన పడేసిన చెట్టు దగ్గరే పశువులు ఎక్కువగా చనిపోయేది అందుకే.

కొత్త ఆకును మొదటి రోజే పూర్తి మోతాదులో పెట్టొద్దు. మేతలో 5 శాతంతో మొదలుపెట్టి, పది పద్నాలుగు రోజుల్లో 25 శాతానికి చేర్చాలి. రోజూ మిగిలిన మేత తూచాలి. గడ్డి మిగలడం మొదలైందంటే ఆకు గడ్డి స్థానాన్ని ఆక్రమిస్తోంది. పేడ గట్టిపడి జిగురు పొర కట్టిందంటే టానిన్ మించింది.

మీథేన్ కొలిచే గది లేకపోయినా అరుగుదల చూడటానికి జల్లెడ చాలు. పూర్తి మోతాదుకు చేరిన వారం తర్వాత పిడికెడు పేడను సన్నని జల్లెడలో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆకు మొదలుపెట్టక ముందు తీసి ఉంచిన నమూనా పక్కన పెట్టి చూడాలి. సెంటీమీటరు కన్నా పొడవైన గడ్డి పోగులు, ఆకుపచ్చ ఆకు తునకలు ముందుకంటే ఎక్కువ మిగిలితే ఆకును సగానికి తగ్గించి, వారం ఆగి, మళ్లీ కడిగి చూడాలి.